సున్నాకి దిగని ముల్లు

సూర్యానికి తిక్క అని టాటానగర్ భుయ్యాడీహ్ బస్తీలో తెలుగువాళ్ళందరికీ తెలుసు. పెళ్ళికి పిలిస్తే పందిట్లో కూర్చుంటాడు గానీ లోపలి గదిలోకి రమ్మంటే రాడు. సినిమాకి తీసుకెళితే తలుపు పక్క సీటు దొరికితేనే కూర్చుంటాడు, లేకపోతే టికెట్టు చేత్తో పట్టుకుని బయటే నిలబడతాడు. పిల్లలు వెనక చేరి నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ తిక్క అతనికి పుట్టుకతో వచ్చింది కాదు. పుట్టుకతో వచ్చినవి ఓర్పుగల చేతులు, ఊహ తెలియకముందే వచ్చింది తండ్రి లేని ఇల్లు, ఆ రెండే.

తండ్రి పోయేనాటికి సూర్యం ఇంకా పాకుతున్నాడు. తల్లి నూకమ్మ వాణ్ణి చంకనేసుకుని సోంపేటలో రైలెక్కి టాటానగర్ స్టేషన్లో దిగింది. ఇంత పెద్ద ఊళ్ళో ఆవిడ ఎరిగిన మనిషి ఒక్కడే, అన్న తవిటయ్య. నది ఒడ్డుకి దగ్గర్లో, పెద్ద పెద్ద కార్ఖానాల నీడన బతికే ఒక మధ్యరకం ఫౌండ్రీలో అతను వాల్వ్‌మాన్. మనిషి తలుపుకి అడ్డం నిలబడితే లోపల చీకటి పడేది. నవ్వితే పక్క లైను ఇళ్ళకి వినబడేది. అంత మనిషికీ చలంటే మాత్రం ప్రాణభయం. దీపావళి వెళ్ళిందంటే చాలు, మెడకి మఫ్లరు, కాళ్ళకి మేజోళ్ళు, పైన దుప్పటి. "ఈ ఊరి సలి మన సలి కాదే, ఇది ఎముకల్లోకెల్లి కూకుంటాది," అని చెల్లెలితో గోలపెట్టేవాడు.

మేనల్లుణ్ణి కొడుకులా పెంచాడని చెప్పడం తేలిక. నిజానికి కొడుకుని తిట్టినట్టు తిట్టేవాడు కాదు, తేడా అక్కడే ఉంది. తవిటయ్యకి ఉన్నది జోగమ్మ ఒక్కతే కూతురు. ఆ పిల్ల తల్లి టైఫాయిడుతో పోయాక నూకమ్మే ఇద్దర్నీ సాకింది. సూర్యం బడి అయ్యాక ఫౌండ్రీలో కూలికి వస్తానంటే తవిటయ్య ఒప్పుకోలేదు.

"నా సేతులు సూడు, వాల్వు తిప్పి తిప్పి కాయలు కాసీసినాయి. నువ్వు ఆఫీసరు అవకపోయినా పరవానేదు గానీ ఈ సక్రం మాత్రం పట్టుకోకు," అని ఐటీఐలో వేశాడు. అక్కణ్ణుంచి కుర్రాడు అదే ఫౌండ్రీలో ఇన్‌స్ట్రుమెంట్ షాపులో మెకానిక్ అయ్యాడు. ఉద్యోగం పర్మినెంట్ అయిన ఏడే జోగమ్మని ఇచ్చి చేశాడు. ఇంకెవరికి ఇస్తాడు? మరుసటేడు నూకమ్మ పోయింది. ఆ తర్వాత సూర్యానికి అమ్మా నాన్నా మావా అన్నీ ఆ ఒక్క మనిషే అయ్యాడు.

తవిటయ్య డ్యూటీ చేసే చోటు ఒక రేకుల కేబిన్. బొగ్గుని సగం కాల్చి తీసే గ్యాసు ఒక లావాటి గొట్టంలో ఫర్నేసులకి పోతుంటుంది. ఆ గొట్టం వాల్వు నేలమట్టానికి కింద ఉండటంతో కేబిన్ కూడా సగం భూమిలోకే ఉంది. మెట్లు దిగి లోపలికి పోవాలి. ఒక బెంచీ, ఒక ఫోను, ఒక కిటికీ. ఫోను మోగితే వాల్వు తిప్పాలి, మోగకపోతే కూర్చోవాలి. అంతే పని. ఆ గ్యాసులో తారు వాసన వేసేది వేరు, ప్రాణం తీసేది వేరు. ప్రాణం తీసేదానికి రంగూ లేదు, వాసనా లేదు. తారు వాసన ఫౌండ్రీలో ఎక్కడ నిలబడ్డా కొడుతుంది గనక దాన్ని ఎవరూ లెక్కచేసేవారు కాదు.

అందుకే గోడకి ఒక పెట్టె తగిలించారు. అది లోపలి గాలిని పీల్చి, అందులో విషం ఎంతుందో ముల్లుతో చూపిస్తుంది. శుభ్రమైన గాలికి సున్నా. విషం పెరిగేకొద్దీ ముల్లు కుడివైపుకి పోతుంది. నూట యాభై దాటితే గంట మోగుతుంది, లోపలివాడు పరిగెత్తి బయటపడాలి. గాలిని పసిగట్టే భాగం ఇచ్చే సంకేతం చాలా నీరసమైనది, ముల్లుని తిప్పే సత్తువ దానికి ఉండదు. అందుకని మధ్యలో ఎనిమిది కాళ్ళ ఐసీ ఒకటి పెడతారు. దాన్ని బఫర్ అంటారు. ఇటు ఎంత ఓల్టేజి వస్తే అటు అంతే ఇవ్వాలి, కాకపోతే బలంగా ఇవ్వాలి. పెంచకూడదు, తగ్గించకూడదు. ఇటు సున్నా అయితే అటూ సున్నాయే.

పెట్టె వచ్చిన కొత్తలో అలాగే ఉండేది. ఆ ఐసీకి ప్లస్ సప్లై ఒకటి, మైనస్ సప్లై ఒకటి, రెండూ కావాలి. కొన్నేళ్ళకి మైనస్ వైపు కాలిపోయింది. సూర్యం కంటే ముందు అక్కడ పనిచేసినాయన సామాను దొరక్క, ఐసీ మైనస్ కాలుని తీసుకెళ్ళి గ్రౌండుకి, అంటే సున్నా ఓల్టులకి, కలిపేసి చేతులు దులుపుకున్నాడు. పెట్టె పనిచేసింది. నెలనెలా సిలిండర్లోంచి గ్యాసు వదిలి చూస్తే గంట గణగణా మోగేది. ఒక్కటే తేడా, ముల్లు సున్నాకి దిగడం మానేసింది. ఎంత మంచి గాలిలోనైనా వందకి కాస్త ఇవతల ఆగిపోయి అక్కడే నిలబడేది. గంట మోగుతోంది కదా, ఇంకేం కావాలి అనుకున్నారు అందరూ. సూర్యమూ అదే అనుకున్నాడు. చల్తా హై, నడిచిపోతుందిలే అనే మాట ఆ ఊరి గాలిలోనే ఉంది.

ఇక్కడే మనవాళ్ళు ఒక పని చేశారు. ఇంకెవరూ చెయ్యరు అలాంటిది. విశ్వకర్మ పూజ రోజున ఫౌండ్రీ మొత్తం ఆపేస్తారు. గ్యాసు కట్టేస్తారు. తలుపులన్నీ బార్లా తెరిచి, కడిగి, మామిడాకులు కట్టి, ప్రతి యంత్రానికీ నూనెలో కలిపిన సిందూరంతో బొట్టు పెడతారు. తవిటయ్య తన కేబిన్లో వాల్వు చక్రానికి పెట్టాడు, ఫోనుకి పెట్టాడు, గోడ మీది పెట్టెకి కూడా పెట్టాడు. ఊరికే ఎక్కడో పెట్టలేదు. అద్దం మీద, సరిగ్గా ముల్లు మొన ఎక్కడుందో అక్కడ పెట్టాడు. పైగా దానికొక తర్కం కూడా చెప్పాడు.

"ఇయాల గేసు నేదు కదా. గేసు నేనప్పుడు ముల్లు ఎక్కడుంటే అదే సున్నా. ఇంక ఎవుడూ కంగారు పడక్కల్లేదు."

ఆ తర్కంలో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ కనబడలేదు. షిఫ్టు సూపర్‌వైజరు పౌల్‌రాజు భేష్ అన్నాడు. మూడు షిఫ్టుల వాల్వ్‌మాన్లూ అదే పట్టుకున్నారు. నూనె సిందూరం ఏడాదంతా చెరగలేదు, మరుసటి పూజకి దాని మీదే ఇంకో బొట్టు పడింది. ముల్లు బొట్టు వెనక దాక్కుని ఉంటే చాలు, అంతా క్షేమం.

ఎనభై మూడు డిసెంబరులో తవిటయ్యకి తలనొప్పి మొదలైంది. డ్యూటీకి వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళేవాడు, వచ్చేటప్పుడు తలకి గుడ్డ బిగించి కట్టుకుని వచ్చేవాడు. గుండెలో పట్టేసినట్టుందని ఒకసారి అన్నాడు. మెట్లెక్కితే ఆయాసం. కళ్ళజోడు మార్పించారు, టీ మాన్పించారు, బామ్ రాశారు. ఆదివారం ఇంట్లో ఉంటే మాత్రం శుభ్రంగా ఉండేవాడు. చేపల పులుసుతో రెండు కంచాల అన్నం తిని మనవడితో కుస్తీ పట్టేవాడు.

"నాన్నకి డూటీ అంటేనే రోగం. ఆదివారం సూడు, కుర్రోడి నాగ ఉంతాడు," అని జోగమ్మ ఏడిపించేది. ఆ మాటకి అందరికంటే గట్టిగా తవిటయ్యే నవ్వేవాడు. ఆవిడ ఆ మాట నవ్వులకి కాకుండా ఒక్కసారి నిజంగా అనుకుని ఉంటే బాగుండేది. కానీ ఇంటి ఆడకూతురు నాన్నని ఆటపట్టించడం తప్ప, గాలిని అనుమానించాలని ఎలా అనుకుంటుంది? కేబిన్లో రోజూ అతని అన్నం డబ్బాలోని చేప ముళ్ళ కోసం కాచుకునే పిల్లి ఆ నెలలో లోపలికి దిగడం మానేసింది. బయట మంచులో పై మెట్టు మీద కూర్చుని అరిచేది. చేప ముల్లు చూపించి పిలిచినా దిగేది కాదు. పిల్లికి పొగరెక్కిందన్నాడు తవిటయ్య.

జనవరిలో సీతారామరావు అని కాకినాడ నుంచి కొత్త ఇంజనీరు వచ్చాడు. బారిడీహ్‌లో అద్దెకుండేవాడు, సైకిల్ మీద వచ్చేవాడు. మొదటి రౌండులోనే కేబిన్లో ఆ పెట్టె చూసి సూర్యాన్ని అడిగాడు.

"ఏమయ్యా, ఇది సున్నాకి ఎందుకు రావట్లేదు?"

"మైనస్ సప్లై లేదండి. పాతకాలం నుంచీ అంతేనండి."

"నిలబడ్డ మనిషి తల నేలమట్టానికి రావాలంటే ఏం చెయ్యాలి చెప్పు."

సూర్యం ఆలోచించి, "కింద గొయ్యి తవ్వాలండి," అన్నాడు.

"అదే మరి. ఈ ఐసీ సున్నా దాకా దిగాలంటే సున్నాకి కింద దానికి కొంత చోటుండాలి. మైనస్ సప్లై అంటే ఆ గొయ్యే. గొయ్యి పూడ్చేసి సున్నాకి రమ్మంటే ఎలా వస్తుంది? పోనీ రాలేదనుకో, నష్టం ఏమిటో తెలుసా? ఆ కిందదంతా దానికి ఒకటే. గాలి శుభ్రంగా ఉన్నా అక్కడే నిలబడుతుంది, కాస్త విషం ఉన్నా అక్కడే నిలబడుతుంది. వంద లోపల అది గుడ్డిది. పెట్టె విప్పి షాపుకి తీసుకెళ్ళు, సామాను నేను తెప్పిస్తాను."

మనిషి మంచివాడు, చెప్పింది అక్షరాలా నిజం. సూర్యం తల ఊపాడు. కానీ అతని చెవికి గొయ్యి మాట ఎక్కినంతగా గుడ్డి మాట ఎక్కలేదు. పనివాడికి పని మీదే ధ్యాస. డయోడు మార్చాలి, కెపాసిటరు మార్చాలి, మైనస్ ఐదు ఓల్టులు నిలబెట్టాలి, ముల్లుని సున్నా మీద పడుకోబెట్టాలి. అంతకు మించి అతను ఆలోచించలేదు.

రెండు రోజులు కష్టపడ్డాడు. రెండో రోజు సాయంత్రం బల్ల మీద పెట్టె ఆన్ చేస్తే ముల్లు ఒకసారి వణికి, ఎడమవైపుకి జారి, సున్నా గీత మీద బుద్ధిగా ఆగింది. షాపులో అందర్నీ పిలిచి చూపించాడు. తన ఖర్చుతో అందరికీ టీ పోయించాడు. సీతారామరావు వీపు తట్టి, "రేపు నేను రాంచీ వెళ్ళాలి, నువ్వే తగిలించెయ్యి," అన్నాడు.

ఇంటికొచ్చి భోజనాల దగ్గర ఆ సంబరం ఆపుకోలేక, "మావా, రేపు నీ బొట్టు తుడిసేత్తన్నాను," అన్నాడు.

జోగమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "అవేం మాటలు? బొట్టు తుడవడమేటి, తినేకాడ?"

"పెట్టి మీది బొట్టే. ముల్లు సున్నాకొచ్చీసింది. ఇంక దాంతో పని నేదు."

"ఏ బొట్టయితే ఏటి? నోరు మూసుకుని తిను," అంది ఆవిడ. తవిటయ్య నవ్వాడు గానీ, కాసేపటికి మాట మార్చేశాడు.

మర్నాడు పొద్దున్న మంచు దట్టంగా ఉంది. ఎదర మనిషి కనబడటం లేదు. మార్నింగ్ షిఫ్టు తవిటయ్యదే. సూర్యం పెట్టె భుజాన పెట్టుకుని కేబిన్ మెట్లు దిగేసరికి మావ బెంచీ మీద తల పట్టుకుని కూర్చున్నాడు. కిటికీకి ఒక అద్దం ఎప్పుడో పగిలింది, ఆ కంతలో గోనెసంచి కుక్కి ఉంచేవారు. ఆ పూట సంచి కింద పడేసి ఉంది. చల్లటి గాలి లోపలికి కొడుతోంది.

"ఏటి మావా, సంచి తీసీసినావు?"

"ఊపిరాడనట్టుందిరా. కూసింత గాలి తగిల్తే బాగుంతాదని తీసినాను. ఇప్పుడు సలికి సచ్చిపోతన్నాను."

సూర్యం పెట్టె గోడకి తగిలించి ఆన్ చేశాడు. మావని దగ్గరికి పిలిచాడు. ఇద్దరూ నిలబడి చూశారు. ముల్లు సున్నా మీద ఒక్క క్షణం ఉంది. తర్వాత నెమ్మదిగా, ఎవరో తోస్తున్నట్టు, కుడివైపుకి కదిలింది. కదిలి కదిలి, వందకి కాస్త ఇవతలికి వచ్చి, ఎర్రటి బొట్టు అంచుకి ఆనుకుని ఆగింది.

తవిటయ్య పకపకా నవ్వాడు. నవ్వుతుంటే దగ్గొచ్చింది. "సూసినావా? దాని సోటుకి అదే ఎల్లిపోనాది. రెండ్రోజులు సేసినావు, దాని బుద్ధి మారినాదా?"

సూర్యానికి తల కొట్టేసినట్టయింది. షాపులో అందరికీ టీ పోయించాడే! సీతారామరావు వీపు తట్టాడే! ఆ క్షణంలో అతని బుర్రలో ఉన్నది తన టంకం మీద అనుమానం ఒక్కటే. దార్లో కుదుపులకి మైనస్ వైపు ఎక్కడో ఊడి ఉంటుంది, అందుకే పాత రోగం తిరగబెట్టింది అనుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఆ ముల్లు ఆ చోట నిలబడటం చూసిన కంటికి అది పాత రోగంలాగే కనబడుతుంది మరి. పెట్టె ఆపేశాడు. విప్పి బెంచీ చివర పెట్టుకుని, టంకం వేసే ఐరన్ ప్లగ్గులో పెట్టాడు.

పెట్టె ఆపేస్తే గంట కూడా ఆగిపోయినట్టే. ఆ సంగతి అతనికి తెలియక కాదు.

"నా తల బద్దలైపోతందిరా అల్లుడా. కూసేపు తొంగుంతాను. ఫోను మోగితే లేపు," అన్నాడు తవిటయ్య. బెంచీ మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకున్నాడు, అంత మనిషీ చిన్నపిల్లాడిలా.

సూర్యం చూశాడు. డ్యూటీలో మావ పడుకోవడం అతనెప్పుడూ చూడలేదు. పోన్లే, కాస్త కునుకు పడితే తలనొప్పి తగ్గుతుంది అనుకున్నాడు. తన స్వెట్టరు విప్పి మావ కాళ్ళ మీద కప్పాడు. కింద పడున్న గోనెసంచి తీసి, దులిపి, కిటికీ కంతలో గట్టిగా కుక్కాడు. తలుపు కూడా దగ్గరగా వేశాడు. కేబిన్ కాసేపట్లోనే వెచ్చబడింది. తవిటయ్య గురక మొదలైంది. సూర్యం చప్పుడు కాకుండా పని చేసుకోవడం మొదలుపెట్టాడు.

మీటరు పెట్టి చూస్తే మైనస్ ఐదు ఓల్టులు సరిగ్గా ఉన్నాయి. అయినా నమ్మలేదు. బాగున్న టంకాన్ని కరిగించి మళ్ళీ వేశాడు. మళ్ళీ చూశాడు. మైనస్ ఐదే. ఐసీ మార్చాడు. కాళ్ళు లెక్కపెట్టి పెట్టాల్సినవాడు ఒకసారి తలకిందులుగా పెట్టబోయి నాలిక్కరుచుకున్నాడు. రెసిస్టరు మీద రంగు గీతలు చూస్తుంటే అది ఎరుపో గోధుమో తేలడం లేదు. బల్బు గుడ్డిదై ఉంటుంది అనుకున్నాడు. కణతల దగ్గర ఎవరో వేళ్ళతో నొక్కుతున్నట్టుంది. పొద్దున్న తిన్న రొట్టె కడుపులో తిప్పుతోంది. అదేమిటో అతనికి కోపం కూడా రావడం లేదు. ఒకే వైరుని పట్టుకుని చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో గుర్తు రాలేదు. మావ గురక ఎప్పుడు ఆగిందో కూడా అతను గమనించలేదు.

ఈ వెలుతురులో లాభం లేదని లేచాడు. లేస్తే కాళ్ళు తడబడ్డాయి. పెట్టెకి పొడుగాటి వైరు ఉంది, మెట్ల పైదాకా వస్తుంది. తలుపు తీసి, పెట్టె రెండు చేతులా పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి బయట పడ్డాడు. మంచు విడిపోతోంది. లేత ఎండ పడుతోంది. రెసిస్టరుని ఎండలో పెట్టి చూస్తే రంగులు స్పష్టంగా కనబడ్డాయి, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అక్కడే మెట్టు మీద కూర్చుని కాసేపు ఊపిరి పీల్చుకుని, పెట్టె ఆన్ చేశాడు.

ముల్లు సున్నా మీద ఉంది. చూస్తూ కూర్చున్నాడు. కదల్లేదు. గీతకి ఇటూ అటూ వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

ముందు అతనికి కలిగింది సంతోషం. అది దాచడం ఎందుకు? తన పని తప్పు కాదని తేలింది, మనసు తేలికపడింది. "మావా! వచ్చీసింది! సున్నాకొచ్చీసింది, లేచి సూడు!" అని అరుస్తూ పెట్టె ఎత్తుకుని మెట్లు దిగాడు.

తలుపు దాటేసరికి ముల్లు లేచింది. గుమ్మంలోనే ఆగిపోయాడు. అది బొట్టు దగ్గరికి వచ్చింది, ఈసారి ఆగలేదు. బొట్టుని దాటింది, వంద దాటింది. సూర్యం వెనక్కి ఒక మెట్టు ఎక్కాడు. కాసేపటికి ముల్లు కిందికి జారింది. మళ్ళీ దిగాడు. మళ్ళీ లేచింది. వైరు ఊడిన రోగమే అయితే ముల్లుకి కేబిన్ లోపలా బయటా అన్న భేదం ఉండదు. అప్పుడు అర్థమైంది అతనికి. పొద్దున్న ముల్లు బొట్టు దగ్గర ఆగింది పాత రోగం వల్ల కాదు. కొత్త కళ్ళతో అది చూసిన మొదటి నిజం అది. దాన్ని అబద్ధమనుకుని నోరు నొక్కేసి, గుడ్డిదాన్ని చేసి, అదే గాలిలో మావని పడుకోబెట్టాడు.

గంట మోగింది. చిన్న కేబిన్లో చెవులు చిల్లులు పడేలా మోగింది. అల్లంత దూరం నుంచి పౌల్‌రాజు "అరే, క్యా హువా?" అని కేకేస్తూ పరిగెత్తుకొస్తున్నాడు. బెంచీ మీద తవిటయ్య గోడవైపు తిరిగి ఉన్నవాడు అలాగే ఉన్నాడు.

సూర్యం పెట్టె కింద పెట్టేసి, అతని భుజం పట్టుకుని ఇటు తిప్పాడు. మావ ముఖం ఎర్రగా, కళగా ఉంది. ఈ మధ్యకాలంలో అంత ఆరోగ్యంగా కనబడిందే లేదు. అది చూసి ఒక్క క్షణం అతనికి ధైర్యం వచ్చింది కూడా. చంకల కింద చేతులు వేసి లాగాడు. పౌల్‌రాజు వచ్చి కాళ్ళు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి మెట్ల మీదుగా పైకి ఈడ్చి ఎండలో పడుకోబెట్టారు. సూర్యం మావ గుండెల మీద గుద్దాడు, నోట్లోకి ఊదాడు, పేరు పెట్టి పిలిచాడు, మావా అని పిలిచాడు, నాన్నా అని కూడా పిలిచాడు. కింద ఆ గంట మోగుతూనే ఉంది, దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. కేబిన్ వెనక గొట్టం జాయింటులో వాషరు చీకిపోయి, నెలరోజులకి పైగా సన్నగా గ్యాసు కారుతోందని తేల్చారు. మామూలు మనిషికి అంత విషం తలనొప్పి తెస్తుందనీ, గుండె బలహీనంగా ఉన్నవాడికి మూసిన గదిలో ప్రాణం తియ్యడానికి చాలుననీ, ముఖానికి ఆ ఎరుపు తెచ్చింది కూడా ఆ విషమేననీ డాక్టరు చెప్పాడు. రాంచీ నుంచి వచ్చిన సీతారామరావు నేరుగా ఆ పెట్టె దగ్గరికే వెళ్ళాడు. ఎవరూ సూర్యాన్ని ఏమీ అనలేదు. పైగా, పెట్టె బాగుచేసింది అతనే గనక లీకు బయటపడింది, లేకపోతే ఇంకా ఎంతమంది పోయేవారో అని పౌల్‌రాజు నలుగురిలో మెచ్చుకున్నాడు. ఆ మెప్పు విన్నప్పుడల్లా సూర్యం అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయేవాడు.

సువర్ణరేఖ ఒడ్డున కాల్చి వచ్చారు. పదకొండో రోజు ముగిసి చుట్టాలు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయాక, ఇంట్లో వాళ్ళిద్దరూ, నిద్రపోతున్న పిల్లవాడూ మిగిలారు. అన్ని రోజులూ జోగమ్మ ఏమీ అడగలేదు. ఆ సాయంత్రం దీపం పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆకర్న ఏటన్నాడు?"

"ఫోను మోగితే లేపమన్నాడు."

"ఇంకేటీ అన్నేదా?"

"సలేత్తందన్నాడు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సూర్యం తల వంచుకుని, ఎవరికీ చెప్పని ఆ ముక్క, పౌల్‌రాజుకీ డాక్టరుకీ సీతారామరావుకీ చెప్పని ముక్క చెప్పాడు. "కిటికీ కంతలో సంచి మావ తీసీసినాడు. ఊపిరాడక తీసినాడు. నానే మల్లీ కుక్కినాను, జోగీ. తలుపు కూడా నానే ఏసినాను. సలి తగలకండా."

చెప్పేసి ఆవిడ చేతి దెబ్బకో, శాపానికో ఎదురుచూశాడు. ఏదైనా సరే, తప్పించుకోవాలని లేదు అతనికి.

జోగమ్మ కొంగు నోటి మీంచి తీసింది. తర్వాత నెమ్మదిగా అంది, "నాన్న సలికి ఓర్సుకోలేడు. నానున్నా అదే సేద్దును."

సూర్యం అప్పటిదాకా ఏడవలేదు. శ్మశానంలో కూడా ఏడవలేదు. ఆ మాటకి నేల మీద బోర్లా పడి, పిల్లవాడు లేచిపోతాడన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాడు.